మాత్ర మీద మోపిన నేరం

 

ఈ విల్లియనూరు తిరుక్కామీశ్వరుని రథోత్సవంలో ఒకప్పుడు ఫ్రెంచి గవర్నరు రథం తాడు పట్టుకోవడం ఆనవాయితీ. ఇప్పుడు ఆ పని లెఫ్టినెంట్ గవర్నరు చేస్తున్నారు. కాళ్లలో సత్తువ గురించి మాట్లాడటానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదనుకున్నాను. ఈ సదస్సుకు వచ్చిన వైద్య వ్యాసాల్లో థైరాయిడ్ మాత్ర వేసుకుంటే నడక దెబ్బతింటుందన్న ఫిర్యాదు కనిపించింది. కొందరు అది నిజమేనని రాశారు, కొందరు అపోహ అని కొట్టిపారేశారు. ఏ రకం నడక దెబ్బతిన్నదని మాత్రం ఎవరూ అడగలేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ఒకావిడ కింద కూర్చుని భోంచేసింది. లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కో చెయ్యీ తొడ మీదుగా పైకి జరుపుకుంటూ లేస్తోంది. బస్సు ఎక్కాలంటే కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటోంది. చదునైన రోడ్డు మీద మాత్రం బాగానే నడుస్తోంది. తుంటి, తొడ కండరాలు బలహీనపడ్డాయని దీన్నిబట్టి అనుమానించాలి. చిక్కేమిటంటే, ఒంట్లో థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను ఎక్కువైనా ఇలాగే ఉంటుంది, తక్కువైనా ఇలాగే ఉంటుంది. డోసు మించితే గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం తోడవుతాయి. చాలకపోతే కండరాలు పట్టేయడం, ఒళ్లు బరువెక్కడం, మలబద్ధకం. టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తే ఎటువైపో తెలుస్తుంది. మాత్ర ఎక్కువైన మనిషికీ చాలని మనిషికీ ఒకే సలహా రాసే వ్యాసం ఇద్దరిలో ఒకరికి హాని చేస్తుంది.

ఇంకొకరు తప్పతాగినట్టు తూలుతారు. వైద్యం అందని హైపోథైరాయిడ్‌లో, అంటే థైరాయిడ్ తక్కువైన జబ్బులో, చిన్న మెదడు దెబ్బతిని అలా కావచ్చు. దానికి మందు మనం నిందిస్తున్న ఆ మాత్రే. అరికాలు మొద్దుబారిందనేవారికి షుగరూ, బీ12 చూడాలి. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసిన జబ్బుల్లో బీ12 లోపం ఎక్కువగా కనిపిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు ఇచ్చే కార్బిమజోల్ వేసుకునేవారికి కండరాల నొప్పులు మొదలైతే సీకే అనే రక్తపరీక్ష చేయించాలి, ఆ మందుతో అరుదుగా కండరాలు దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. కొలెస్టరాల్‌కు స్టాటిన్ మాత్ర వాడుతూ థైరాయిడ్ తక్కువగా ఉన్నవారి కండరాలకు ముప్పు మరింత. లెవోథైరాక్సిన్, అంటే మనం మాట్లాడుకుంటున్న థైరాయిడ్ మాత్ర, వాడే పిల్లల్లో తుంటి ఎముక తల జారి కుంటు వచ్చిన కేసులు అమెరికా మందు పత్రంలోనే ఉన్నాయి. పిల్లవాడు మోకాలు నొప్పి అంటే ఆటల్లో దెబ్బ అని వదిలేయకండి, తుంటి చూపించండి. రాత్రి కడుపునిండా అన్నం తిని పడుకున్న కుర్రాడికి తెల్లారేసరికి కాళ్లు కదలకపోతే అది పొటాషియం పడిపోయిన పక్షవాతం కావచ్చు. థైరాయిడ్ హార్మోను మితిమీరిన ఆసియా మగవారిలో ఇది ఎక్కువ. అప్పుడు చదవాల్సింది వ్యాసం కాదు, ఎక్కాల్సింది అంబులెన్సు.

మన వంటింటి సంగతి ఒకటి. మోకాళ్ల నొప్పులకని కాల్షియం బిళ్ల, నీరసానికని ఐరన్ బిళ్ల, థైరాయిడ్ మాత్ర, మూడూ ఒకే గుక్కలో, ఆ వెంటనే ఫిల్టరు కాఫీ. కాల్షియం, ఐరన్ హార్మోనును పేగుల్లో పట్టి ఆపేస్తాయి, కాఫీ కూడా అడ్డే. ఆ రెండు బిళ్లలకూ థైరాయిడ్ మాత్రకూ 4 గంటల ఎడం కావాలి. కాఫీకి కనీసం అరగంట, గంట ఆగితే ఇంకా మంచిది. ఇలా అన్నీ కలిపి వేసుకునే ఆవిడ మాత్ర మింగుతోంది గానీ మందు ఒంటికి పట్టడం లేదు. కాళ్లు బరువెక్కుతున్నాయి. నింద మాత్రకు.

"రెండు రోజులు మానేశాను, తేలిగ్గా ఉంది" అనే సాక్ష్యం కూడా చెల్లదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది.

మరి ఫిర్యాదులన్నీ ఉత్తవేనా? ఇక్కడ ఫ్రాన్సు కథ చెప్పాలి. పుదుచ్చేరిలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, కొందరికి ఈ కథ బంధువుల ద్వారా తెలిసే ఉంటుంది. 2017 మార్చిలో మెర్క్ కంపెనీ లెవోథైరాక్స్ అనే థైరాయిడ్ మాత్ర ఫార్ములా మార్చింది. హార్మోను మార్చలేదు. లాక్టోసు తీసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ చేర్చింది. అక్కడ దాదాపు 30 లక్షల మంది ఆ మందు వాడేవారు. అలసట, తలతిరుగుడు, కండరాల నొప్పులంటూ వేల ఫిర్యాదులు. ఆ అక్టోబరులో పాత ఫార్ములాను జర్మనీ నుంచి తెప్పించాల్సి వచ్చింది. కంపెనీ 204 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో సగటున రెండు మాత్రలూ సమానమే. 2019లో అవే లెక్కలు తిరగేసిన శాస్త్రజ్ఞులు, మనిషి మనిషిగా చూస్తే సగానికి పైగా ఆ సమానత్వపు హద్దులు దాటారని చూపారు. మార్పు సంగతి రోగులకు సరిగా చెప్పలేదన్న తీర్పును 2022లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది.

ఫ్రాన్సులో ఫార్ములా మారడానికి పదేళ్ల ముందు న్యూజిలాండ్‌లోనూ ఎల్ట్రాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర ఫార్ములా మారింది. 30 ఏళ్లలో 14 ఫిర్యాదులు వచ్చిన మందుకు 18 నెలల్లో 1,400 దాటాయి. పత్రికలూ టీవీలూ ఎక్కువ గోల చేసిన ప్రాంతాల నుంచే ఎక్కువ. ఇవి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిర్యాదుల గుట్ట చూసి మందు విషమనడం తొందరపాటు. సగటు చూపించి రోగి నోరు మూయించడం అహంకారం. రెంటిలో రెండోదే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది, అది చదువుకున్నవాళ్లు చేసే పని కాబట్టి.

కనుక రచయిత మిత్రులకు నా మనవి. నడక కష్టమైందన్న మనిషి గురించి రాసేటప్పుడు లేవడమా, ఎక్కడమా, తూలడమా, నొప్పా, తిమ్మిరా అని అడిగి రాయండి. మాత్ర డోసెంత, ఎప్పటి నుంచి, బ్రాండు ఈమధ్య మారిందా, వెంట ఏం మింగుతున్నారు, ఆఖరి టీఎస్‌హెచ్ ఎంత, అన్నీ రాయండి. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపమని ఎన్నడూ రాయకండి. మన దేశంలో 2010 నుంచి మందుల దుష్ఫలితాల నమోదు కార్యక్రమం నడుస్తోంది, కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది. రోగులే స్వయంగా నింపే ఫారం తెలుగులోనూ దొరుకుతుంది. ఉచిత ఫోను నంబరు 1800-180-3024. ఈ సదస్సు సంచికలో ప్రతి వైద్య వ్యాసం చివరా ఈ నంబరు అచ్చు వేయమని సంపాదకులను కోరుతున్నాను.