అడయారు బీరువా: ఒక క్రైస్తవుని పరిశీలన

నేను క్రైస్తవుణ్ణి. వృత్తిరీత్యా సైన్సు చెప్పేవాణ్ణి. దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ముఖ్యురాలైన మేడమ్ బ్లావట్‌స్కీ గురించి నేను రాస్తుంటే, "మీ మతంవారు ఆమెను ఎలాగూ ఒప్పుకోరు కదా" అని మీకు అనిపించవచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. దాన్ని మనసులో ఉంచుకునే చదవండి.

నాటి రష్యా సామ్రాజ్యంలో 1831లో జన్మించిన ఆమె, కల్నల్ ఆల్కాట్ తదితరులతో కలిసి 1875లో న్యూయార్కులో ఈ సమాజాన్ని స్థాపించారు. 1879లో బొంబాయి వచ్చారు. 1882 వేసవిలో బకింగ్‌హామ్ కాలువలో పడవ మీద నెల్లూరు, గుంటూరు వైపు కూడా వచ్చారు. ఆ ఏడాది చివర మద్రాసులోని అడయారులో స్థిరపడ్డారు.

హిమాలయాల ఆవలి మహాత్ములు తన గురువులనీ, వారి ఉత్తరాలు అదృశ్యశక్తితో అందుతాయనీ ఆమె చెప్పేవారు. అడయారులో ఆమె గదిని ఆనుకున్న మరో గదిలో, గోడకు ఒక చెక్క బీరువా ఉండేది. ఉత్తరాలు అందులో ప్రత్యక్షమయ్యేవి. 1883 ఆగస్టులో జనరల్ మోర్గన్ అనే అతిథి ఎదుట ఆ బీరువా తెరుస్తుండగా ఒక పింగాణీ పళ్లెం కిందపడి పగిలింది. ముక్కలను గుడ్డలో చుట్టి లోపల పెట్టి తలుపు మూశారు. కొద్ది నిమిషాలకు తెరిచి చూస్తే పళ్లెం చెక్కుచెదరకుండా ఉంది!

మీరు అక్కడ ఉంటే ఏమి అడిగేవారు? నా విద్యార్థులైతే "ముక్కల మీద గుర్తు పెట్టారా? బీరువా వెనక ఏముంది?" అంటారు.

ఇల్లు చూసుకునే కూలోంబ్ దంపతులను 1884లో సమాజం పంపించివేసింది. బ్లావట్‌స్కీ తనకు రాసినవంటూ ఎమ్మా కూలోంబ్ కొన్ని ఉత్తరాలను మిషనరీలకు ఇచ్చారు. అద్భుతాలు ఎలా ఏర్పాటు చేయాలో వాటిలో సూచనలున్నాయి. సెప్టెంబరులో మద్రాసు క్రిస్టియన్ కాలేజి పత్రిక వాటిని అచ్చువేసింది. అవి కల్పితాలని బ్లావట్‌స్కీ ఖండించారు.

ఇక్కడ ఇరువైపులా పక్షపాతం ఉంది. ఉద్యోగం పోయిన మనిషికి కోపముంటుంది, మిషనరీలకు పోటీ ఉంటుంది. అంతమాత్రాన ఉత్తరాలు అబద్ధమూ కావు, నిజమూ కావు. వస్తువులను చూడాలి. లండనులోని సైకికల్ రిసెర్చ్ సొసైటీ పంపగా రిచర్డ్ హాడ్జ్‌సన్ 1884 డిసెంబరులో వచ్చారు. కానీ అప్పటికే సమాజం వారే బీరువాను తగులబెట్టేశారు. నన్నడిగితే, ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే. అలాంటి పళ్లేలు రెండు కలిపి కొన్నట్లు మద్రాసు దుకాణం ఆధారం దొరికిందని ఆయన రాశారు. 1885 నివేదిక ఆమెను మోసగత్తెగా తేల్చింది. అయితే 1986లో అదే సొసైటీ పత్రికలో చేతిరాతల నిపుణుడు వెర్నన్ హారిసన్ ఆ నివేదికను తీవ్రంగా విమర్శించారు. చేతిరాత వాదం దానితో సడలింది. పళ్లెం సంగతి అలాగే ఉంది. ఆ అద్భుతాలను నేను నమ్మను.

ఈ మాట అన్నాక నా ఇంటివైపూ చూసుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక స్వస్థత కూటంలో, నడవలేని మనిషి నడిచాడని వేదిక మీద ప్రకటించారు. ముందూ వెనకా డాక్టరు రాసిన కాగితాలు చూపమన్నాను. "సైన్సు మాస్టారికి విశ్వాసం తక్కువ" అని ఒక పెద్దాయన నవ్వేశారు. కాగితాలు ఇంతవరకు రాలేదు. కనబడినప్పుడల్లా ఆయన్ని అడుగుతూనే ఉన్నాను.