మెట్టు, క్రమం, వరుస



స్వామి సన్నిధికి చేరుటకు మెట్లెక్కుతాము. దర్శనానికి వరుసలో నిలుస్తాము. అర్చన క్రమం తప్పక జరగాలని కోరుకుంటాము. నిత్యమూ పలికే ఈ మూడు మాటలను ఆశ్రయించి నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను.

'మెట్టు' తెలుగు మాట. నామవాచకమైతే సోపానం, క్రియ అయితే అడుగుపెట్టుట, తొక్కుట అని అర్థం. వధువు పాదం మోపిన ఇల్లు కనుకనే అది మెట్టినిల్లు. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లని, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లని చెబుతారు. పాదం మోపనిదే వాటిలో ఏ ఒక్కటీ మనకు మెట్టు కాదు, రాయి మాత్రమే. మెట్లపూజ చేసేవారు మొదటి మెట్టుకూ, కడపటి మెట్టుకూ ఒకే భక్తితో పసుపు కుంకుమలు సమర్పిస్తారు.

'క్రమం' సంస్కృత పదం. పాదం కదుపుట అనే అర్థం గల 'క్రమ్' ధాతువు నుండి పుట్టింది. మూడడుగులతో లోకాలను కొలిచిన స్వామి త్రివిక్రముడు. సూర్యుడు ఒక రాశి నుండి మరొక రాశిలో అడుగిడుట సంక్రాంతి. అడుగు వెంట అడుగు పడుట చేతనే క్రమానికి 'వరుస' అనే అర్థం స్థిరపడింది.

వేదాధ్యయనంలో సంహిత, పదం తరువాత క్రమపాఠం వస్తుంది. మొదటి పదాన్ని రెండవదానితో కలిపి పలుకుతారు. రెండవదాన్నే మరల గ్రహించి మూడవదానితో, మూడవదాన్ని నాలుగవదానితో కలుపుతారు. నడుమనున్న ప్రతి పదమూ రెండుమార్లు వినబడుతుంది: ఒకమారు వెనుకటిదానికి తోడుగా, ఒకమారు రాబోయేదానికి ఊతగా. వెనుక పాదం నేలపై నిలిచినందుననే ముందు పాదం లేవగలదు కదా! ఇట్టి కట్టుబాటు వల్లనే, ఒక్క అక్షరమూ జారకుండా వేదం గురుముఖతః మన వరకు వచ్చింది. 2003లో యునెస్కో ఈ వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి మౌఖిక వారసత్వంలో ఉత్తమమైనదిగా ప్రకటించింది.

ఆ ధాతువు నుండే 'అతిక్రమం' కూడా పుట్టింది. దాటి అడుగువేయుట అని దాని అర్థం. దర్శనానికి నిలిచిన చోట ముందున్న వృద్ధురాలిని తోసుకొని పోయినప్పుడు మనం చేసేది అదే.

ఇక మన 'వరుస' మాట చూడండి. ఒకరి వెనుక ఒకరు నిలుచుట వరుస. బంధుత్వమూ వరుసే. "ఆయన మీకు ఏమి వరుస?" అని అడుగుతాము, వావివరుసలు పాటించాలని పిల్లలకు చెబుతాము. ఒకే మాటలో స్థానమూ, సంబంధమూ ఇమిడి ఉన్నాయి. అందుచేత వరుసలో నా ముందున్నవాడు నాకు అడ్డు కాడు, నాకేదో వరుస అయినవాడు. ఎవరు ముందు, ఎవరు వెనుక అనే తగవు అక్కడ శమించాలి.

దాతలకూ ఒక మాట. 'పరంపర' అనగా ఒకటి తరువాత మరొకటి. శాశ్వత అన్నదానానికి మీరు సమర్పించిన విరాళంతో రేపు ఎవరి విస్తరిలోనో అన్నం వడ్డిస్తారు. వారి ముఖం మీరు చూడకపోవచ్చు. మీ పేరు వారికి తెలియకపోవచ్చు. ఈ కొండకు మెట్లు పరచిన శిల్పుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? వారు నిలిపిన రాతిపై మనం పాదం మోపి పైకి వస్తున్నాము. దానం వల్ల వరుసలో మనం ముందుకు జరగనక్కరలేదు. వెనుక వచ్చేవారికి ఒక మెట్టు అయితే చాలు.

ఎక్కుతున్న ప్రతి మెట్టునా ఆ స్మరణను స్వామి మనకు అనుగ్రహించుగాక. స్వస్తి.