పక్క చేని పుప్పొడికి మన బిల్లులో కోతా?

(విత్తన పత్తి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



గద్వాల పక్క విత్తన పత్తి పండించే మనకు పుప్పొడి గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సాయంత్రం మొగ్గలో కేసరాలు తీసేది, పొద్దున మగపువ్వు తెచ్చి అద్దేది మన చేతులే. పత్తి పుప్పొడి బరువు, జిగురు. గాలికి పెద్దగా ఎగరదు, తేనెటీగ మోస్తుంది. ఈగకు గట్టు అడ్డమా?

బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. గడ్డిమందు తట్టుకునే పత్తికి రాలేదు. అయినా ‘బీజీ-3’ అంటూ దొంగచాటుగా అమ్ముతున్నారు. అది పక్క చేలో పూస్తే ఆ జన్యువు మన గింజలోకి రావచ్చు. ఆర్గనైజరు ఫోన్‌లో ‘లాటు ఫెయిలైంది’ అంటాడు, కాగితం చూపడు. కల్తీ వాళ్లిచ్చిన ఫౌండేషన్ విత్తనంలోనే ఉందేమో, ఎవరు తేల్చాలి?

ధ్రువీకరణ విత్తనానికి 30 మీటర్ల ఎడం ఉండాలంటారు. ఎకరం చదరంగా ఉంటే ఒక పక్క 64 మీటర్లు. ఒక్కవైపు ఎడం వదిలినా సగం చేను పోయినట్టే!

అందుకే ఫౌండేషన్ విత్తనం తీసుకున్న రోజే గుప్పెడు గింజలు, సంచి నంబరుతో, ఇద్దరి సంతకాలతో దాచుదాం. పూతకు ముందే చుట్టూ చేలలో ఆకు తుంచి స్ట్రిప్పు పరీక్ష చేయమని వ్యవసాయ శాఖను అడుగుదాం. పక్క రైతును కేసులో ఇరికించడానికి కాదు, కలుపు కూలి భరించలేకే అతనా విత్తనం కొన్నాడు.

పరీక్ష ఖర్చు కంపెనీదే కావాలి. లాటు తిప్పితే రిపోర్టు మన చేతికివ్వాలి. ఈ రెండూ కాగితం మీద రాసివ్వందే ఈసారి విత్తనం దింపుకోం.