పట్టాతో ముగియని చదువు
(ఆత్మకూరులో నొక పఠనాలయమున జేసిన యుపన్యాసము)



1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చినది. నాటినుండి న్యాయవాదుల మెల్లరమును మరల విద్యార్థులమైతిమి. సన్నదు పాతదే, చదువు మాత్రము క్రొత్తది కావలసి వచ్చెను. దంతవైద్యున కీ ధర్మము వర్తింపదా?

రిజిస్టరులో పేరెక్కనివాడు దంతవైద్యము చేయరాదని 1948 నాటి చట్టము శాసించెను. పేరెక్కినవారును నిరంతరవిద్యలో పాల్గొని పాయింట్లు గడింపవలెనని దంతవైద్య మండలి పిమ్మట నియమించెను. మేలే! కాని హాజరు వేరు, జ్ఞానము వేరు.

మన సీమనే చూడుడు. నీటిలోని ఫ్లోరైడువలన గలుగు వ్యాధి దేశమున మొట్టమొదట 1937లో వెల్లడియైనది నాటి నెల్లూరు జిల్లాలోనే. ఉదయగిరి మెట్టపల్లెలకు నేటికిని ఈ పీడ క్రొత్త గాదు. పండ్లు దవడలలో రూపొందు బాల్యముననే ఆ గార పడును. వేపపుల్లతో నెంత తోమినను పోదు. ఈ సంగతి నెరుగని వైద్యుడు పండ్లు తోమవని బిడ్డను గద్దించును. తల్లి సిగ్గుతో తల వంచుకొనును. బోరునీటిని మాత్ర మెవ్వరును పరీక్షింపరు.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ లెక్కను, ఆ గారను కలిపి చదువగల వైద్యుడు మనకు గావలెను. కావున ఈ పాఠములలో కొన్నియైనను పట్టణపు హోటళ్లలో గాక, ఆత్మకూరు, ఉదయగిరి ఆసుపత్రులలో, మన బిడ్డల పండ్లను జూచుచు జరుగవలెనని మేము కోరుచున్నాము.

మీరును వైద్యుని కడ కేగినపుడు, "అయ్యా, మా యూరి నీటిని గూర్చి యేమి చదివితిరి?" అని యడుగుడు. అది అవమానము గాదు, ప్రజల హక్కు.