ఇరవై ముగ్గురం, ఎనిమిది గదులు

(పూర్వ విద్యార్థుల సంఘం సువర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవు, నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు సంఘం పెద్దలు. ప్రెషర్ వెసల్స్ గురించి మొదలుపెడితే భోజనాల గంట కొట్టకముందే హాలు ఖాళీ అవుతుంది. అందుకని ఏడాదిగా మీలో ఎవరు కలిసినా నన్ను అడుగుతున్న సంగతే ఎత్తుకుంటున్నాను: "చంటిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఓడ ఎక్కి వచ్చిన్రట గదా, గదులెట్ల బుక్ చేసినవు?"

మన సంగారెడ్డి జిల్లాకు ఏ దిక్కు చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మనకు పెద్ద నీళ్లంటే మంజీర, సింగూరు ప్రాజెక్టు. ఓడ ప్రయాణమంటే సింగపూర్ పోవాలి, దుబాయి పోవాలి అనుకునేవాళ్లం. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చి, అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నైల మీదుగా యాత్రలు నడిపింది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ అది, 11 అంతస్తులు, దాదాపు 800 గదులు. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అంటే ఓడ ఇప్పుడు మనకు ఒక రాత్రి రైలు ప్రయాణమంత దగ్గరికి వచ్చింది.

మా అమ్మకు 76 ఏళ్లు. కొడుకులను, బిడ్డలను ఏదీ అడిగే మనిషి కాదు. నాయన సంవత్సరీకం అయిపోయినంక ఒకరోజు అన్నది: "సముద్రం జూడాలె బిడ్డా. గని అందరం పోవాలె. ఒక్కలు తక్కువైనా నేను రాను." ఓడ సంగతి ఆమెకు తెలియదు, అది మేం కలిపింది. ఆమె పెట్టిన షరతే మాకు అసలు లెక్క అయింది.

పేర్లు రాస్తే 23 మందిమి తేలాం. అమ్మ. అక్కా బావా, నేనూ నా భార్యా, తమ్ముడూ మరదలూ, చెల్లె, ఆమె భర్త. అక్క బిడ్డ, అల్లుడు, వాళ్ల ఇద్దరు పిల్లలు, ఒకరికి నాలుగేళ్లు, ఒకరికి పద్నాలుగు నెలలు. అక్క కొడుకు, కోడలు, ఎనిమిది నెలల బాబు. నా బిడ్డ, అల్లుడు, రెండేళ్ల మనవరాలు. పెళ్లికాని నా కొడుకు. కాలేజీకి పోయే తమ్ముని బిడ్డ, పదో తరగతి కొడుకు. ఇంటర్ చదివే చెల్లె బిడ్డ.

ఓడ గదిలో మామూలుగా కింద రెండు పడకలు ఉంటాయి. కొన్ని గదుల్లో గోడలోంచి, పైకప్పులోంచి దిగే పడకలు మరో రెండుంటాయి. కాగితం మీద గదికి నలుగురు అనుకుంటే 23 మందికి ఆరు గదులు చాలు. మేం మాట్లాడిన ఏజెంటూ అదే చెప్పాడు. కానీ పై పడక ఎక్కేది ఎవరు? అమ్మ ఎక్కలేదు. పిల్లలను ఎక్కించలేం. పద్నాలుగు నెలల బిడ్డ రాత్రి రెండుసార్లు లేస్తే మిగిలిన వాళ్లు పడుకునేదెట్లా? మన ఫ్యాక్టరీ భాషలో చెప్పాలంటే, నేమ్‌ప్లేట్ మీది కెపాసిటీ వేరు, నడిచే కెపాసిటీ వేరు.

అందుకే పడకల నుంచి కాకుండా రాత్రి నిద్ర నుంచి మొదలుపెట్టాం. అమ్మతో ఇద్దరు ఆడపిల్లలు, తమ్ముని బిడ్డ, చెల్లె బిడ్డ. అమ్మకు రాత్రి లేస్తే తోడు, పిల్లలకు ఆమె చెప్పే ముచ్చట్లు. అక్కా బావలకు ఒక గది. అక్క బిడ్డ కుటుంబం నలుగురు ఒక గదిలో: కింద పడకలు జరిపి కలిపి తల్లీ పిల్లలు, పైన అల్లుడు. అక్క కొడుకు వాళ్లు ముగ్గురు, నా బిడ్డ వాళ్లు ముగ్గురు. మేం కొడుకుతో ముగ్గురం. తమ్ముడూ మరదలూ వాళ్ల కొడుకూ ముగ్గురు. చెల్లె, ఆమె భర్త ఇద్దరు. మొత్తం ఎనిమిది గదులు.

ఇక్కడొక చిక్కు చెప్పాలి. ఓడ గదుల్లో ఎక్కువ భాగం ఇద్దరికే. ముగ్గురికి, నలుగురికి సరిపోయేవి తక్కువ, అవే ముందుగా అయిపోతాయి. అదీకాక ప్రతి గదికి ఒక మస్టర్ స్టేషన్ ఉంటుంది. అంటే ప్రమాదం వస్తే ఆ గదివాళ్లు చేరాల్సిన చోటు. అక్కడి లైఫ్‌బోట్ల లెక్క నిండిపోతే, గదిలో పడక ఖాళీగా ఉన్నా నాలుగో మనిషిని తీసుకోరు. ఒళ్లో బిడ్డే గదా అంటే కుదరదు. ఎనిమిది నెలల బాబూ ఆ లెక్కలో ఒక పూర్తి మనిషే. అందుకే చంటిపిల్లలున్న గదులు ముందు ఖాయం చేయాలి, పెద్దల గదులు తర్వాత.

గది ఏ చోట ఉండాలన్నది రెండో ప్రశ్న. చిన్నప్పుడు మన బడి వెనక మొద్దు మీద పలక వేసి ఊగినం, గుర్తుందా? కొసన కూర్చున్నవాడు ఎగిరిపడేవాడు, నడిమిట్ల నిలబడ్డవాడు కదిలేవాడు కాదు. ఓడా అంతే. ముందూ వెనకా కొసలు ఎక్కువ ఊగుతాయి, పై అంతస్తులు అటూ ఇటూ ఎక్కువ ఒరుగుతాయి. నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో కుదుపు తక్కువ. అమ్మ గది, పిల్లల గదులు అక్కడే తీసుకున్నాం, లిఫ్టుకు దగ్గరగా. పైనా కిందా ఏముందో ఓడ నక్షాలో చూడాలి. పైన డ్యాన్సు హాలు ఉంటే పిల్లలు పడుకోరు. పైనా కిందా గదులే ఉంటే ప్రశాంతం.

తక్కువ ధరకు "గది నంబరు తర్వాత ఇస్తాం" అనే టికెట్లు ఉంటాయి. ఇద్దరు కుర్రవాళ్లకైతే సరే, చంటిపిల్లల కుటుంబాలకు వద్దు. నంబరు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. పక్కపక్క గదులు వేరు, లోపల తలుపుతో కలిసిన గదులు వేరు. ఏది కావాలో అదే మాట రాతలో అడగండి. బుకింగులు ఎన్ని ఉన్నా ఒకదానితో ఒకటి ముడివేయమనండి, భోజనం బల్లలు దగ్గరదగ్గర పడతాయి. బాల్కనీ గది మాత్రం పాకే, ఎక్కే వయసు పిల్లలకు మేం తీసుకోలేదు. రెయిలింగు ఎంత ఎత్తున్నా, కుర్చీ ఒకటి దాని దగ్గరకు జరిగిందంటే ఆ ఎత్తుకు అర్థం లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. పెద్ద కుటుంబాల ప్రయాణాలు ఆగేది ఇక్కడే. నా తమ్ముడు పాశమైలారంలో కాంట్రాక్టు ఆపరేటర్. "మీరు పోయి రాండ్రి అన్నా, మాకు పిల్లల ఫీజులున్నయి" అన్నాడు. వాడి టికెట్ నేను పెడతానంటే వాడు ఓడ కాదు, మా గడపే ఎక్కడు. అమ్మ షరతేమో ఒక్కలు తక్కువైనా రానని.

దారి చూపింది అక్క. ఓడల్లో గదిలో మొదటి ఇద్దరికి పూర్తి ధర, మూడో నాలుగో మనిషికి తక్కువ ధర ఉంటుంది. లెక్క కోసం మొదటి ఇద్దరికి తలా 100 అనుకుందాం, తర్వాతి వాళ్లకు 60. ఇద్దరున్న గదిలో తలకు 100 పడుతుంది, ముగ్గురున్న గదిలో 87, నలుగురున్న గదిలో 80. అమ్మతో పడుకున్న పిల్లల వల్ల వచ్చిన తగ్గింపు ఆ గదిదెట్లా అవుతుంది? అందరం సర్దుకుంటేనే గదా అది వచ్చింది. మా ఎనిమిది గదుల్లో పూర్తి ధరవి 16, తక్కువవి 7. మొత్తం 2,020. దాన్ని 23తో భాగిస్తే తలకు 88. కిటికీ లేని లోపలి గది ధరను అందరికీ మూలధరగా పెట్టుకున్నాం. కిటికీ, బాల్కనీ కావాలన్నవాళ్లు ఆ తేడా తామే కట్టుకున్నారు. అమ్మ వాటా నలుగురు పిల్లలం సమానంగా. ఏడాది ముందే మొదలుపెట్టాం కాబట్టి నెలనెలా చిట్టీలాగా జమ చేశాం. తమ్ముడు తన వాటా తాను కట్టాడు. ఎవరి దయా లేదు, ఎవరి మీదా బరువు లేదు. పన్నులు, రేవు రుసుములు, సిబ్బంది టిప్పులు విడిగా ఉంటాయి, అవి మొదటి రోజే లెక్కలో వేయండి.

ఇక చిన్న చిన్నవి. చాలా ఓడల్లో ఆరు నెలలు నిండని బిడ్డను ఎక్కనివ్వరు, మహాసముద్రాలు దాటే ప్రయాణాలకు ఏడాది నిండాలి. గర్భిణులకు, యాత్ర ముగిసే రోజుకు 24వ వారం రాకూడదన్నది చాలా సంస్థల నియమం. పేర్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. మన అమ్మలకు రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పుట్టింట్లో ఇంకొకటి. మూడు నెలల ముందే చూసుకోండి. విదేశీ రేవుకైతే చంటిబిడ్డకూ పాస్‌పోర్టు కావాలి. డైపర్ వాడే పిల్లలను చాలా ఓడల్లో ఈత కొలనులోకి దిగనివ్వరు. ఆటగదిలో వదిలి రావడానికి సాధారణంగా మూడేళ్లు నిండాలి. చంటిపిల్లల ఉయ్యాల మంచాలు కొన్నే ఉంటాయి, బుక్ చేసినప్పుడే అడగాలి. పాలపొడి మనమే తీసుకుపోవాలి. మా మరదలు సంచిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టింది, ఇంట్లోనే తీయించాం. ఓడలో ఇలాంటి వేడెక్కే వంట సామాను గదిలోకి రానివ్వరు, నిప్పు భయం వల్ల. వానకాలంలో, తుఫాన్ల నెలల్లో బంగాళాఖాతం మంచిది కాదు. మేం ఫిబ్రవరి సెలవులు చూసుకున్నాం.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న మాట.

బయలుదేరే ముందు మా బావ అడ్డుపడ్డాడు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది గదా, మన తెలంగాణ కుటుంబాలూ అందులో ఉన్నాయి గదా అన్నాడు. భయం సహజం. అందుకే నేను ఓడల నియమాలు చదివాను. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో దేశాలు కూర్చుని సోలాస్ అనే ఒప్పందం రాసుకున్నాయి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అప్పటికి కొంతమంది ప్రయాణికులకు మస్టర్ డ్రిల్ కూడా జరగలేదు. ఆ తర్వాత నియమం మారింది. ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో డ్రిల్ జరగాలి. 24 గంటలు దాటే ప్రయాణంలో ఓడలో ఉన్న ప్రతి చంటిబిడ్డకూ ఆ కొలతలో లైఫ్‌జాకెట్ ఉండాలి. ప్రతి నియమం వెనకా కొందరి ప్రాణాలున్నాయి.

మా డ్రిల్‌లో సిబ్బంది మనిషి జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ సరిచూసుకున్నాడు. ఎనిమిది నెలల బాబుకు చిన్న లైఫ్‌జాకెట్ తెచ్చి కట్టి చూపించాడు. పక్కన నా తమ్ముడు నిలబడి ఉన్నాడు. "అన్నా, ఈ పోరనికి కూడ ఇక్కడ పేరున్నది" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఈ హాల్లో ఉన్న మనందరికీ తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతబట్టుకుని మన దగ్గరికి వచ్చిన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట ఉన్నారు అన్న లెక్క తేలడానికి రోజులు పట్టింది. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఆ రోజుల్లో గేటు దగ్గర నిలబడ్డ తల్లులను చూసినవాళ్లు మనలో ఉన్నారు.

మన బడిలో చదివినవాళ్లు ఈ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం పరిశ్రమల్లో ఆపరేటర్ల నుంచి ప్లాంట్ మేనేజర్ల దాకా ఉన్నారు. సేఫ్టీ ఆఫీసర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, సొంత యూనిట్లు నడిపేవాళ్లూ ఉన్నారు. మిమ్మల్ని పెట్టుబడి అడగడం లేదు. ఈ షిఫ్టులో లోపల ఎవరున్నారో పేరుపేరునా రాసిన జాబితా, ప్లాంటు లోపల ఒకటి, ప్లాంటుకు దూరంగా ఒకటి ఉండాలి. పర్మనెంటా, కాంట్రాక్టా, నిన్ననే రైలు దిగినవాడా అన్న తేడా అందులో ఉండకూడదు. సైరన్ మోగితే ఎక్కడ చేరాలో కొత్తవాడికి పనిలో దిగకముందే, వాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఒరియా అయితే ఒరియా, హిందీ అయితే హిందీ. నెలకొకసారి ఆ జాబితా పట్టుకుని పిలిచి చూడాలి. ఖర్చు ఒక పుస్తకం, ఒక పెన్ను, అరగంట.

మీలో కొందరు బ్యాచ్ అంతా కలిసి ఓడ ఎక్కుదామంటున్నారు. తప్పకుండా పోదాం. గదుల పంపకం నేను చూస్తాను. రేపటి నుంచి పేర్లు రాయడం మొదలుపెట్టండి, ఎవరి ఇంట్లో ఎంత వయసు పిల్లలున్నారో కూడా. ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్లు మాత్రం సోమవారం షిఫ్టుకు పోగానే ఆ రెండో జాబితా రాయండి. ఓడకు ఇంకా టైముంది.