వేరు బుడిపెలలోని కౌలుదార్లు



నేను భూమి లెక్కలు వ్రాయువాడను. సర్వే నెంబరు, విస్తీర్ణము, పైరు అడంగలులో నెక్కును. ఆ భూమిలోపల జరుగు ఇచ్చిపుచ్చుకొనుట మాత్రము ఏ దస్త్రమునకును ఎక్కదు. మన గ్రంథాలయములోని వ్యవసాయ గ్రంథముల వలన దానిని గూర్చి గ్రహించినది తమకు విన్నవింతును.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. పప్పుజాతి పైరులు మాత్రము సారము తగ్గిన నేలలోను పచ్చగా పెరుగునని రైతులు ప్రాచీనకాలము నుండి ఎరుగుదురు. దీని కారణమును జర్మనీ దేశస్థులగు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనువారలు 1886–88 నడుమ నిరూపించిరి. వేళ్లమీది బుడిపెలలో వసించు సూక్ష్మజీవులే ఆ నత్రజనిని సంపాదించి యిచ్చుచున్నవి. 1888లో హాలెండు దేశస్థుడగు బైజరింక్ ఆ జీవులను వేరుపరచి పెంచెను. వానికి రైజోబియం అని పేరు.

మొక్క తాను ఆకులయందు చేసికొన్న చక్కెరను వానికి ఆహారముగా నిచ్చును. అవి నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు నిచ్చును. ఇది కౌలు ఒప్పందము వంటిది. ఇరువురకు అవసరమున్నంతకాలమే సాగును. యూరియా అధికముగా చల్లిన చేలో బుడిపెలు తగ్గును. నత్రజని చేతికందుచుండగా మొక్క చక్కెరనేల వెచ్చించును?

కృష్ణా, గుంటూరు మాగాణులలో వరికోతకు ముందు మినుములు చల్లుట ఆచారము. పల్లాకు తెగులువలన నష్టపడి పలువురు మొక్కజొన్నకు మారిరి. నేను వారిని తప్పుపట్టను. అప్పు తీర్చవలసినవానికి రాబడి ముఖ్యము. కాని మొక్కజొన్నకు ఇట్టి బుడిపెలు లేవు. దానికి కావలసిన నత్రజనిని ఎరువుల కొట్టునుండి కొనితెచ్చుచున్నాము. ఆ ఖర్చును రాబడిప్రక్కన వ్రాసి చూచిన పిదప పైరును నిర్ణయించుకొనుడు.

చాలకాలము పప్పుధాన్యము వేయని చేలో ఈ జీవులు కొఱతపడవచ్చును. అట్టిచోట బెల్లపునీటిని మరిగించి, పూర్తిగా చల్లార్చి, 8 కిలోల విత్తనమునకు 200 గ్రాముల రైజోబియం పొడిని పట్టించి, నీడన ఆరబెట్టి విత్తవలెను. ఎండ తగిలినచో ఆ జీవులు చచ్చును.

పూతవేళ ఒక మొక్కను పీకక, పారతో మట్టిపెళ్లతోసహా త్రవ్వి తీసి, నీట కడుగుడు. బుడిపెను గోటితో చిదిమి చూడుడు. లోపల ఎఱ్ఱగా నున్నచో పని జరుగుచున్నది. తెల్లగానో ఆకుపచ్చగానో యున్నచో జరుగుట లేదు. మీ మీ చేలనుండి తలయొక మొక్కను ఈ గ్రంథాలయపు బల్లమీదికి తెండు. అందరము పోల్చి చూతము.