తొలగుటయా, నిరాకరించుటయా?

ప్రభుత్వముతో పొత్తు వీడుట మనకు క్రొత్త గాదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘమును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వీడి, రామనగరున పాకలలో కాపురముండిరి. కష్టముల కోర్చిరి గనుకనే వారి తొలగుట యెల్లరకును వినబడెను.

నేడో? 2024 మే 13న ఆంధ్రప్రదేశమున నూటికి 80కి మించి ఓట్లు పడెను. ఆనాడే హైదరాబాదు లోకసభ స్థానమున సగము మందియైనను రాలేదు. వీరు పడిన కష్టమేమి? దొరకిన సెలవును అనుభవించుటయే గదా!

పరులనేల యనవలెను? మేమును ఒక ఎన్నికనాడు కక్షిదారుల కాగితములు చూచుచు ఇంటనే యుంటిమి. మా మౌనమును నిరసనయని యెవ్వరును వ్రాసికొనలేదు. అభ్యర్థు లెవ్వరును నచ్చనిచో, చెప్పుటకు 2013 నుండి 'నోటా' యున్నది. రానివాని కోపము లెక్కకు రాదు. ఈమారు అందరమును వరుసలో నిలుతము.